అరవై రెండు బైట్లు

13 ఫిబ్రవరి 2025, గురువారం

నిన్నటితో సతీశ్ పదకొండో రోజు అయిపోయింది. ఎల్లారెడ్డిలో షామియానా విప్పుకుని వెళ్లారు. మా ఇద్దర్నీ కన్న అవ్వను నాతో కామారెడ్డి తెచ్చుకున్నాను. దారిలో లింగంపేట దాటాక ఒకసారి నోరు విప్పింది. సతీశ్ తనను ఈ రోడ్డు మీదే బండి ఎక్కించుకుని తిప్పేవాడని చెప్పింది.

నా తమ్ముడు సతీశ్‌కు ముప్పై నాలుగేళ్లు. బావుల దగ్గర కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టేవాడు. బీడీ తాగడు, మందు ముట్టడు. రెండో తారీఖు, ఆదివారం పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట. వాడి భార్య వినీత మధ్యాహ్నం దాకా ఇంట్లోనే పడుకోబెట్టింది. పాప పుట్టిన ఏడేళ్లకు కూడా ఆమెకు ఇంత తెలివి రాలేదా? రెండింటికి అంబులెన్సు పిలిచారు. కామారెడ్డి ఆసుపత్రి గేటు దాకా వచ్చి అక్కడే పోయాడు. డాక్టర్ నాతోనే అన్నాడు, రెండు గంటల ముందు తెస్తే మాట వేరుగా ఉండేదని.

ఆ రోజు నా కంప్యూటర్ సెంటర్ కొత్త హాలు ప్రారంభం. అవ్వ ముందు రోజే వచ్చింది. సతీశ్ వాళ్లూ రావాల్సింది. మైకు, పూజ, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

15 ఫిబ్రవరి

రెండు గంటలు.

23 ఫిబ్రవరి, ఆదివారం

అరవింద్ వచ్చాడు. నాతో పాటు పదో తరగతి చదివినవాడు, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. పలకరించడానికి వచ్చి, నా ముఖం చూసి, ధ్యాస మళ్లించాలనుకున్నాడేమో, సెంటర్ సర్టిఫికెట్ల సంగతి ఎత్తాడు. మా సెంటర్ పేరుతో ఎవరో దొంగ సర్టిఫికెట్లు కొడుతున్నారని మొన్న దసరాకే వాడికి చెప్పుకున్నాను.

వాడు చెప్పింది ఇది. బిట్‌కాయిన్ లావాదేవీలో డబ్బుతో సంబంధం లేని చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది. అందులో ఎనభై బైట్ల దాకా మనకు నచ్చింది రాసుకోవచ్చు. ఒక్కో సర్టిఫికెట్టుకు వేలిముద్ర లాంటి అంకె ఒకటి తయారుచేసి అందులో పెడితే చాలు. తరువాత ఎవడైనా పేరో మార్కులో మారిస్తే ఆ అంకె కలవదు, దొరికిపోతాడు. అందులో పెట్టింది ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో నకలుగా ఉండిపోతుంది. పెట్టినవాడు కూడా తీసేయలేడు.

"నువ్వు చచ్చినా, సెంటర్ మూతపడినా అది ఉంటది" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

నేను మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. నా ఫోన్‌లో అన్నీ అమర్చి, ఎట్లా పంపాలో చూపించి పోయాడు. దాని ఖర్చు టీ తాగినంత.

24 ఫిబ్రవరి

సర్టిఫికెట్లు మొదలుపెట్టలేదు. ముందు సరిచూద్దామని "సతీశ్" అని టైపు చేసి చూశాను. పదిహేను బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు అక్షరానికి మూడు. గుడికి మూడు, పొల్లుకు మూడు, సున్నాకు మూడు. అంటే ఎనభైలో మనకు దక్కేది ఇరవై ఆరు. ఇక్కడ కూడా మనకు ఇరుకే.

పంపలేదు. వట్టి పేరు ఒక్కటే అక్కడ పెట్టి ఏం లాభం?

2 మార్చి, ఆదివారం

నెల అయింది. పొద్దున ఎల్లారెడ్డి వెళ్లాను. సతీశ్ దుకాణం షట్టర్ మీద ఎవరో పెళ్లి కార్డు అంటించారు. వినీత తన తండ్రి లింగయ్య ఇంట్లో ఉంది. మంచినీళ్లు ఇచ్చింది. లింగయ్య మామ వాకిట్లో నులక మంచం వాల్చాడు. అత్త సుగుణమ్మ లోపల బీడీలు చుడుతోంది, చేయి ఆపలేదు, నన్ను చూడలేదు.

అడగాల్సింది అడిగాను. పొద్దున నొప్పి వస్తే మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగావు? ఆ మాటకు వినీత నా వైపు చూసింది. ఏదో అనబోయి మానుకుంది. పాపను పిలిచి జడ వేయడం మొదలుపెట్టింది.

తప్పు చేయని మనిషైతే సమాధానం చెప్తుంది. బస్సులో అదే అనుకుంటూ వచ్చాను.

3 మార్చి

పంపాను.

"సతీశ్‌ను చంపింది వినీత" అని. చుక్క పెట్టలేదు. అరవై రెండు బైట్లు. శకారప్పొల్లు, నకారం ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెట్టాల్సి వచ్చింది, దానికీ మూడు బైట్లు పోయాయి. ఇంకా పద్దెనిమిది మిగిలాయి. ఇంకేం రాయాలో తోచలేదు. అందులో అంతా వచ్చేసింది.

ముప్పావు గంటలో బ్లాకులోకి, అంటే అందరి నకళ్లలో చేరే లావాదేవీల కట్టలోకి, ఎక్కింది. ఆ వాక్యం కనిపించే పేజీ లింకును 'మా ఇంటోళ్లు' గ్రూపులో పెట్టాను. దాన్ని ఎవరూ, నేను కూడా, తీయలేమని కింద వివరంగా రాశాను. మాచారెడ్డి హనుమాండ్లు మామ మొదట దండం బొమ్మ పెట్టి, ఇదేంటని తరువాత అడిగాడు. ఫోన్ చేసి చెప్పాను.

నెల రోజుల్లో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

4 మార్చి

నిరోష ఆ లింకు తెరిచి చదివింది. ఫోన్ నాకు ఇచ్చేసి బియ్యం ఏరుతూ కూర్చుంది. కొంచెం ఆగి, "ఆ పొద్దు మీకు మెసేజ్ ఏం రాలేదా?" అన్నది.

హాల్లో మైకు గోల, ఫోన్ ఎవరు చూశారు అన్నాను.

నా భార్య అయి ఉండి ఆమె ఎవరి వైపో తెలియడం లేదు.

19 మార్చి

వినీత ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్తుంది. చెప్పేది. ఈ సంగతి ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి పోయిందో, మొగుడికి మందు ఇవ్వకుండా చంపిందని అక్కడి తల్లిదండ్రులు అనుకుంటున్నారట. కొన్నాళ్లు రావద్దన్నారట మేనేజ్‌మెంటు వాళ్లు. మందు ఇవ్వలేదని నేను ఎక్కడా రాయలేదు. నేను రాసింది మూడే మాటలు.

బడికి పోయి చెప్పమని నేను ఎవరితోనూ అనలేదు.

అవ్వకు సంగతి తెలిసి, "మంచిగైంది" అన్నది. ఆ మాట అవ్వ నోట వినడానికి అంత బాగాలేదు.

6 ఏప్రిల్, ఆదివారం

లింగయ్య మామ వచ్చాడు. టైపింగ్ పిల్లలు కూర్చునే బెంచీ మీద చివర్న కూర్చుని, బ్యాచ్ అయిపోయేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆదివారం కూడా బ్యాచ్ పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కోపంగా మాట్లాడలేదు. బడి పోయిందని చెప్పాడు. పాప అనూహ్యను ఎవరో పిల్ల "మీ అమ్మ మీ నాయిన్ను చంపిందట" అని అడిగిందని, పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదని చెప్పాడు. ఆ కంప్యూటర్ల రాసింది తీసేయమన్నాడు.

అది తీయడానికి రాదన్నాను. ఎందుకు రాదో చెప్పాను. వేల కంప్యూటర్లు, నకళ్లు, ఒకదానికొకటి కట్టిన బ్లాకులు. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను. కొత్త బ్యాచ్‌కు పాఠం చెప్పినంత బాగా చెప్పాను. ఆ గొంతు ఇప్పుడు గుర్తొస్తే నాకే రోత.

అంతా విని ఆయన, "తీయరాందని ఎర్కుండి ఎట్ల రాసినవ్ బిడ్డా?" అన్నాడు.

టీ తెప్పిస్తానంటే వద్దన్నాడు. ఎల్లారెడ్డి బస్సు టైము అడిగాడు.

7 ఏప్రిల్

ఆయన అడిగిన దానికి సమాధానం ఉంది. నిజం కాబట్టి రాశాను.

20 ఏప్రిల్

నిజం కాబట్టే రాశాను.

11 మే, ఆదివారం

ఎల్లారెడ్డి పోయి వచ్చాను. ఈ రోజు రాయను.

12 మే

సతీశ్ అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారు, వైండింగ్ సామాను మీరు తీసుకుంటారా అని లింగయ్య మామ కబురు పెడితే వెళ్లాను. వినీత ఒక్కతే ఉంది. తీగ చుట్టలు, సుత్తెలు, వార్నిష్ డబ్బాలు ఒక గోనెసంచిలో సర్దుతోంది. నేనూ కూర్చుని సర్దాను. కొంతసేపు ఇద్దరం పనిచేస్తున్న మనుషుల్లాగే ఉన్నాం.

నేనే మొదలుపెట్టాను. మార్చిలో అడిగినదే మళ్లీ అడిగాను. మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగావు?

సంచి మూతి కడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"బావా, మీకు నిజంగ యాది లేదా? పొద్దుగాల తొమ్మిదింటికి మీకు ఫోన్ చేసిన. ఎత్తలే. మెసేజ్ పెట్టిన. ఛాతిల నొప్పంటుండు, చెమటలు పడుతున్నయ్, కామారెడ్డి తీస్కరావాల్నా అని అడిగిన. మీరు వాయిస్ పంపిండ్రు. అది గ్యాసు, సోడా తాపియ్యి, గీ పొద్దే రావాల్నా వానికి నొప్పి, అందరం ఫంక్షన్ల ఉన్నం, రేపు తీస్కరా అన్నరు. నేను ఆటో పిలుస్తనంటే ఆయన వద్దన్నడు. అన్న చెప్పిండు గదా, ఆయన ఫంక్షన్ ఖరాబ్ చేస్తమా అన్నడు. అటు తిరిగి పండుకున్నడు."

బయట మిగిలిన వార్నిష్ డబ్బాకు మూత బిగించాను.

"మర్నాడు చూస్తే ఆ వాయిస్ లేదు. మీరు తుడిచిండ్రు. తుడిచినట్టు మాత్రం అండ్ల రాసుంది."

మరి ఎవరికైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు సిగ్గుండాలి.

"ఏం చూపెట్టి చెప్పాలె? చూపెట్టేది ఉన్నా గూడ చెప్పకపోదును. అత్తమ్మకు ఒక కొడుకు పోయిండు. ఉన్న ఒక్కణ్ని గూడ లేకుంట చేస్తనా?" తరువాత సంచిని నా వైపు జరిపింది. "గా వాయిస్ తుడిస్తే పోయింది. గీ రాసింది పోదంటున్రు."

నాకు యాది లేదా అని అడిగింది కదా. ఉంది. ఇక్కడ రాసుకుంటాను, ఇది ఎవరూ చదివేది కాదు. వాయిస్ పంపినప్పుడు నా పక్కన పూలదండలవాడు నిలబడి ఉన్నాడు, వాడి మీద చిరాకు కూడా ఆ గొంతులో ఉంది. తమ్ముడు రాకపోవడానికి సాకు చెబుతున్నాడనుకున్నాను. మూడో తారీఖు పొద్దున, వాణ్ని ఇంటికి తీసుకుపోవడానికి ఎత్తే ముందు, అంబులెన్సు వెనక నిలబడి ఆ వాయిస్ మీద వేలు నొక్కిపట్టి 'అందరికీ తొలగించు' నొక్కాను. అవ్వ వినకూడదని అనుకున్నాను. అదీ అబద్ధమే. నేను వినకూడదని.

ఈ పుస్తకంలో మొదటి పేజీ తిరగేసి చూశాను. "నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు" అని ఉంది. ఆ 'సరిగ్గా' నా చేతిరాతే.

గోనెసంచి సెంటర్‌లో బల్ల కింద పెట్టాను.

18 మే, ఆదివారం

అరవింద్‌కు ఫోన్ చేశాను. తీసే దారి ఏదైనా ఉందా అని. లేదన్నాడు. ఆ ఒక్క బ్లాకు మార్చాలంటే దాని మీద పేరుకున్నవన్నీ మళ్లీ కట్టాలి, అది దేశాల వల్ల కూడా కాదన్నాడు. కావాలంటే కింద ఇంకోటి రాయొచ్చు, కొట్టివేత మాత్రం ఉండదన్నాడు.

ఇంతకీ ఏం రాశావని అడిగాడు. లింకు పంపాను. లైన్‌లో ఉండగానే తెరిచి చదివాడు.

"నేను నీకు సర్టిఫికెట్ల కోసం చెప్పిన, మహిపాల్" అన్నాడు. పెట్టేశాడు.

8 జూన్

"ఆగమని చెప్పింది నేను" అని. యాభై ఆరు బైట్లు. ఇరవై నాలుగు మిగులుతాయి. ఆ 'నేను' ఎవరో తెలియకపోతే ఎట్లా? పక్కన "మహిపాల్" చేరిస్తే డెబ్బై ఎనిమిది. సరిపోతుంది. చోటు లేదనడానికి లేదు.

15 జూన్

కొత్త అడ్మిషన్లు. తీరిక లేదు.

22 జూన్

నెట్ సరిగ్గా లేదు.

29 జూన్

నెట్ బాగానే ఉంది.

6 జూలై, ఆదివారం

ముందు అవ్వకు చెప్పాలనుకున్నాను. ఏకాదశి కదా, ఉపవాసం ఉంది. అరుగు మీద పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మెసేజ్, వాయిస్, నేను అన్న మాటలు, తుడిచింది. అన్న మాటలు అన్నట్టే చెప్పాను. నిరోష తలుపు దగ్గర నిలబడి వింది.

అవ్వ నా చేయి తీసుకుని నిమిరింది. ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను.

"ఆ పిల్లనే నీ నోటెంట గిట్ల అనిపిచ్చింది" అన్నది. "నువ్వు తమ్మున్ని గట్ల అంటవా? నేను కనలేదా నిన్ను?"

కాదవ్వా, నేనే అన్నాను, నా గొంతే అది అని మూడుసార్లు చెప్పాను. ఎక్కువ చెప్పినకొద్దీ వినీత మీద ఎక్కువ తిట్లు పడ్డాయి. చివరికి చెప్పడం ఆపేశాను. నిరోష లోపలికి పోయింది.

ఆ వాయిస్ ఉంటే వినిపించేవాణ్ని.

తరువాత డెబ్బై ఎనిమిది బైట్లూ పంపాను. ఎక్కింది. గ్రూపులో పెట్టాను.

13 జూలై

వారం అయింది. లింకు ఎవరూ తెరిచినట్టు లేదు. అందుకని నిన్న గ్రూపులో నేనే మామూలు మాటల్లో టైపు చేశాను. తప్పు నాది, వినీతది కాదు, ఆ రోజు ఆగమన్నది నేను.

హనుమాండ్లు మామ ఫోన్ చేశాడు. "నీది పెద్ద మనసురా. ఆడపిల్ల బతుకు ఆగమైతదని నీ మీదేసుకున్నవ్. గింత మంచితనం పనికిరాదు." కాదని చెప్పాను. ఆయన నవ్వి, నీ సంగతి నాకు తెలవదా అన్నాడు. గ్రూపు నిండా దండాలు. ఒకామె, ఇట్లాంటి బావ దొరకడం వినీత అదృష్టం అని రాసింది.

మార్చిలో నా అబద్ధాన్ని అందరూ ఒక్క ఎదురు ప్రశ్న లేకుండా నమ్మారు. ఇప్పుడు నిజం చెప్తే నన్ను దేవుణ్ని చేస్తున్నారు.

17 జూలై

ఎల్లారెడ్డి బడికి వెళ్లాను. మేనేజర్ ఎదుట అంతా చెప్పాను. కుర్చీ వేశాడు, ఓపిగ్గా విన్నాడు. ఆ పోస్టులో వేరే టీచరు చేరిందన్నాడు. వినీత మీద వాళ్లకు ఎప్పుడూ అనుమానం లేదట, తల్లిదండ్రుల కోసమే అట్లా చేశారట.

10 ఆగస్టు, ఆదివారం

వినీత భిక్నూర్‌లో చేరింది. హైవేకు దగ్గర్లో ఒక చిన్న బడి. తల్లీకూతుళ్లు ఒక గదిలో ఉంటున్నారు. అక్కడ వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. లింగయ్య మామను బతిమాలి అడ్రసు తీసుకుని ఇవాళ వెళ్లాను.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషించలేదు. స్టూలు వేసింది. నేను రెండో వాక్యం సంగతి చెప్పాను. అవ్వ ఏమన్నదో, గ్రూపులో ఏమన్నారో దాచకుండా చెప్పాను. పెద్ద మనసు అన్న మాట దగ్గర ఆమె పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనడానికి లేదు.

"రెండూ ఉంటయా బావా?" అని అడిగింది.

ఉంటాయన్నాను.

"ఎన్నేండ్లు?"

మనం పోయాక కూడా అన్నాను.

"పాప పెద్దగైనంక ఎన్నడన్న చూసిందనుకో. ముందుగాల ఏది కనబడతది?"

అబద్ధం చెప్పొచ్చు. అలవాటైన పనే, అయినా చెప్పలేదు. మొదటిదే ముందు ఉంటుంది, అందులో నీ పేరు ఉంటుంది, రెండోది నాలుగు నెలల తరువాతి బ్లాకులో ఎక్కడో ఉంటుంది, రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని చెప్పే దారం ఏదీ లేదు, వెతికితే తప్ప దొరకదు అని చెప్పాను. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. నేను క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆ మాట అక్కడ ఎక్కడ పెట్టాలో దొరకలేదు.

బస్సు దాకా వస్తామని ఇద్దరూ బయలుదేరారు. అనూహ్య నా వేలు పట్టుకుంది. ఇంతలోనే పొడుగైంది. దారి పొడవునా హైవే పక్క బోర్డులు పైకి చదువుతూ నడిచింది. ధాబా, టైర్ల పంక్చర్, ట్రాక్టర్ స్పేర్లు, శుద్ధజల కేంద్రం. ఈ ఏడే ఒత్తులు నేర్పారట. శుద్ధజల దగ్గర ఒక్క క్షణం ఆగి, పెదాలతో కూడబలుక్కుని, తప్పు పోకుండా అన్నది.

"పెద్దబాపు, నాకు ఇప్పుడు ఏదున్నా చదవొస్తది" అన్నది.

వినీత రోడ్డు అవతలికి చూస్తోంది. బాగా చదువుతున్నావు బిడ్డా అని అనాల్సింది నేను. కామారెడ్డి బస్సు వచ్చింది. ఎక్కాను.